‘తుడిచేశాను’లో వేసిందేమిటి?



స్మారకోపన్యాసానికి ఒక ఆనవాయితీ ఉంది. ముందు స్మరించుకునే పెద్దమనిషి గురించి నాలుగు మాటలు చెప్పి, తరవాత వక్త తనకు తెలిసిన విషయంలోకి దిగుతాడు. నాకా వెసులుబాటు లేదు. నాకు తెలిసిన విషయం మా మాస్టారు చెప్పిందే. అందుకని రెండూ కలిపే మొదలుపెడతాను.

మేం తొమ్మిదో తరగతిలో ఉండగా ఒకరోజు మాస్టారు నల్లబల్ల మీద నాలుగు ఇంగ్లిషు మాటలు రాశారు. ఈట్ అప్, గివ్ అప్, మేక్ అప్, పుట్ అప్ విత్. ‘అప్’ అంటే పైకి అని మాకు తెలుసు. పైకి తినడమేమిటో, పైకి ఇవ్వడమేమిటో బోధపడలేదు. కిసుక్కున నవ్వాం. ఆయనా నవ్వి, బల్ల శుభ్రంగా తుడిచి, మా వైపు తిరిగారు.

‘‘ఇప్పుడు నేనేం చేశాన్రా?’’

‘‘తుడిచేశారండీ.’’

‘‘తుడవడం మీరంతా చూశారు. వేయడం ఎవడు చూశాడు? తుడిచి ఏం వేశాను?’’

ఆ ప్రశ్నకు జవాబు వెతుక్కుంటూనే నలభై ఏళ్లు ఇంగ్లిషు పాఠాలు చెప్పాను. ఈ సాయంత్రం మీ ముందు పెట్టబోయేది ఆ జవాబే.

మనం ఫ్రేజల్ వెర్బ్ అంటున్నది చూడ్డానికి చాలా చిన్న సంగతి. ఒక క్రియ, దాని వెనక ఒక చిన్న మాట. ఆ చిన్న మాట అప్, డౌన్, ఇన్, అవుట్, ఆన్, ఆఫ్, ఓవర్, బ్యాక్, అవే లాంటిది. విడివిడిగా రెండూ ఒకటో తరగతి మాటలే. కలిస్తే మాత్రం ఎమ్మే చదివినవాణ్ని కూడా తికమకపెడతాయి. గివ్ అంటే ఇవ్వడం, గివ్ అప్ అంటే వదులుకోవడం. పుట్ అంటే పెట్టడం, పుట్ ఆఫ్ అంటే వాయిదా వేయడం. టర్న్ అంటే తిరగడం, టర్న్ డౌన్ అంటే కాదు పొమ్మనడం.

ఈ తికమక మనకొక్కరికే అనుకుని సిగ్గుపడనక్కర్లేదు. శామ్యూల్ జాన్సన్ 1755లో తన మహా నిఘంటువు అచ్చు వేయించినప్పుడు ముందుమాటలో ఈ జాతి క్రియల్ని ప్రత్యేకంగా ప్రస్తావించాడు. పరాయివాళ్లకు ఇంగ్లిషులో అన్నిటికంటే కష్టం ఇవేనని గుర్తించి, వీలైనన్ని పట్టుకుని నిఘంటువులో చేర్చానన్నాడు. ఇవి ఎంత పాతవైనా పేరు మాత్రం చాలాకాలం కుదరలేదు. 1925లో లోగన్ పియర్సాల్ స్మిత్ అనే రచయిత ‘వర్డ్స్ అండ్ ఇడియమ్స్’ అనే పుస్తకంలో ఫ్రేజల్ వెర్బ్ అన్న పేరు వాడాడు. ఆ పేరు తనకు సూచించింది ఆక్స్‌ఫర్డ్ నిఘంటువు సంపాదకుల్లో ఒకరైన హెన్రీ బ్రాడ్లీ అని ఆయనే చెప్పాడు. అంటే వస్తువుకు దాదాపు వెయ్యేళ్ల వయసు, పేరుకు వందేళ్లు.

వెయ్యేళ్లని ఊరికే అనలేదు. పాత ఇంగ్లిషులో ఇలాంటి చిన్న మాటలు ఎక్కువగా క్రియకు ముందు అతుక్కునేవి, మన ఉపసర్గల్లాగా. హరించడానికి ముందు ‘ప్ర’ చేరితే ప్రహరించడం, ‘పరి’ చేరితే పరిహరించడం అయినట్టు. కాలక్రమంలో ఆ పద్ధతి సడలి, చిన్న మాటలు క్రియ వెనక్కి చేరాయి. స్కాండినేవియా నుంచి వచ్చి స్థిరపడినవాళ్ల భాష కూడా ఇందుకు కొంత దోహదం చేసి ఉంటుందని చరిత్రకారులు అంటారు. పీటర్‌బరో మఠంలో సన్యాసులు 1154 దాకా రాసిన వృత్తాంతంలో గివ్ అప్ అప్పటికే కనిపిస్తుంది. కోటలు అప్పగించడమన్న అర్థంలో.

ఈలోగా 1066లో నార్మన్లు ఇంగ్లండును గెలిచారు. రాజాస్థానంలో, న్యాయస్థానంలో ఫ్రెంచి వచ్చి కూర్చుంది. చర్చిలో లాటిన్ ముందునుంచే ఉంది. ఇంగ్లిషు పొలంలో, వంటింట్లో, సంతలో మిగిలింది. తరవాతి శతాబ్దాల్లో ఫ్రెంచి, లాటిన్ మాటలు వేలకొద్దీ ఇంగ్లిషులో కలిసిపోయాయి. దానితో ఒకే పనికి రెండేసి మాటలు ఏర్పడ్డాయి. టాలరేట్ అన్నా పుట్ అప్ విత్ అన్నా ఒకటే. పోస్ట్‌పోన్, పుట్ ఆఫ్. ఇన్వెస్టిగేట్, లుక్ ఇంటూ. ఎక్స్‌టింగ్విష్, పుట్ అవుట్.

తెలుగువాడికి ఈ రెండంతస్తుల ఇల్లు కొత్తేమీ కాదు. సహించాడు, ఓర్చుకున్నాడు. పరిత్యజించాడు, వదిలేశాడు. భుజించాడు, తినేశాడు. పై అంతస్తులో తత్సమాలు, కింది అంతస్తులో ఇంటి మాటలు. గిడుగు రామమూర్తి పంతులుగారు జీవితమంతా పోట్లాడింది ఆ కింది అంతస్తుకు బడిలో, పుస్తకంలో చోటు కావాలనే. ఇంగ్లిషువాడి వ్యావహారికం ఫ్రేజల్ వెర్బులో ఉంది.

మన చిక్కేమిటంటే ఇంగ్లిషు మనకు పై అంతస్తు నుంచి దిగింది. ఇంగ్లిషు చదువును సిఫార్సు చేసిన 1835 నాటి మెకాలే మినిట్ తరవాత కచేరీలకూ కోర్టులకూ పనికొచ్చే ఇంగ్లిషు నేర్చుకున్నాం. అర్జీ ఇంగ్లిషు, తీర్పు ఇంగ్లిషు, సర్క్యులర్ ఇంగ్లిషు. మన పిల్లవాడికి ‘టెర్మినేట్’ తెలుసు, ‘కాల్ ఆఫ్’ తెలియదు. తెలిసినా పరీక్షలో రాయడు, తప్పవుతుందేమోనని భయం. హీబ్రూ మాతృభాషగా ఉన్న విద్యార్థుల మీద డాగుట్, లౌఫర్ అనే ఇద్దరు పరిశోధకులు 1985లో ఇదే చూపించారు. ఆ విద్యార్థులు ఫ్రేజల్ వెర్బును తప్పించుకుని ఒంటిమాట క్రియను ఎంచుకుంటున్నారు. నేను దిద్దిన జవాబు పత్రాల్లోనూ అదే తీరు. తప్పు రాయరు. తప్పుకుంటారు.

ఒక దురభిప్రాయం ఇక్కడే తొలగించాలి. ఫ్రేజల్ వెర్బులన్నీ మోటు మాటలనీ, మర్యాదైన రాతలో రాకూడదనీ కొందరు నేర్పుతారు. అది నిజం కాదు. క్యారీ అవుట్, సెటప్, పాయింట్ అవుట్ లాంటివి శాస్త్ర వ్యాసాల్లో, ప్రభుత్వ నివేదికల్లో నిక్షేపంగా ఉంటాయి. కొన్ని పెరట్లో తిరుగుతాయి, కొన్ని సభలోనూ కూర్చుంటాయి. ఏది ఎక్కడిదో చదివిన మేర తెలుస్తుంది.

ఇక మాస్టారి ప్రశ్న.

తుడిచేశాను అంటే తుడిచి వేశాను. అందులో ‘వేయు’ తన సొంత అర్థం పోగొట్టుకుంది. అక్కడ అది చెబుతున్నది, పని పూర్తయింది, ఇక మిగల్లేదు అని. తినేశాడు, రాసేశాడు, మరిచిపోయాడు, విరిగిపోయింది. మరిచినవాడు ఎక్కడికీ పోలేదు, విరిగిన కుర్చీ అక్కడే ఉంది. అయినా ‘పోవు’ వచ్చి చేరింది. పని మన చేతుల్లో లేకుండా జరిగిందని చెప్పడానికి. ‘చేసిపెట్టు’లో పెట్టడం లేదు, ఇంకొకరి కోసం అన్న అర్థం ఉంది. ‘చేసుకో’లో కొనడం లేదు, తనకోసం అన్న అర్థం ఉంది.

ఇప్పుడు ఈ వరస వినండి. పిల్లను చూడు. పిల్లను చూసుకో. పిల్లను చూసిరా. ఒక్క ‘చూడు’ మూడు దారులు పట్టింది. మొదటిది చూపు, రెండోది బాధ్యత, మూడోది బహుశా పెళ్లిచూపులు. ఇంగ్లిషు వరస దాని పక్కన పెట్టండి. లుక్ ఎట్, లుక్ ఆఫ్టర్, లుక్ ఓవర్. ‘చూసుకో’ అంటే లుక్ ఆఫ్టర్ అని అమ్మలెవరూ నిఘంటువులో వెతుక్కోలేదు.

ఇంకోటి, ‘కొట్టేయడం’. కోర్టులో కేసు కొట్టేశారు. ఎవరో నా పెన్ను కొట్టేశారు. తప్పు రాస్తే కొట్టేసి మళ్లీ రాయి. రద్దు, దొంగతనం, దిద్దుబాటు, మూడూ ఒక్క మాటే. కడప కలెక్టరు కచేరీలో పనిచేసిన సి.పి. బ్రౌన్ 1852లో తెలుగు నిఘంటువు అచ్చుకిచ్చేనాటికి ఇలాంటి చిక్కుముళ్లు ఎన్ని విప్పుకుని ఉంటాడో! టేక్ ఆఫ్ అంటే విమానం లేవడం, చొక్కా విప్పడం, సెలవు పెట్టడం, ఒకరిని అనుకరించి నవ్వించడం అని తెలిసినప్పుడు మనం పడే అవస్థే, అవతలి ఒడ్డున ఆయన పడ్డాడు.

కాబట్టి సూత్రం మనకు పుట్టుకతోనే తెలుసు. క్రియకు ఒక చిన్న మాట తోడొస్తుంది. ఆ మాట సొంత బరువు దించుకుని, క్రియకు కొత్త వాలు ఇస్తుంది. తేడా ఒక్కటే. మన క్రియకు తోడొచ్చేది మరో క్రియ. వేయడం, పోవడం, కొనడం, పెట్టడం. ఇంగ్లిషు క్రియకు తోడొచ్చేది ఒక దిశ. పైకి, కిందికి, లోపలికి, బయటికి. ఇంగ్లిషు క్రియకు దిక్కే దిక్కు అని మాస్టారు అనేవారు.

ఆ దిక్కుల్ని కాస్త వింటే చాలా తలుపులు తెరుచుకుంటాయి. కుండలో నీళ్లు పోస్తుంటే మట్టం పైకొస్తుంది. అంచుకు చేరితే కుండ నిండినట్టే, పని అయిపోయినట్టే. అందుకే ఫిల్ అప్. అక్కణ్నుంచి పైకి పోయేదేమీ లేకపోయినా అయిపోయిందన్న అర్థం ఒక్కటీ నిలిచింది. ఈట్ అప్, యూజ్ అప్, టేర్ అప్, డ్రై అప్. మాస్టారి బల్ల మీది ‘అప్’ ఇదే. ‘తినేశాడు’లోని ‘ఏశాడు’ చేసే పనే అదీ చేస్తోంది. ‘ఆఫ్’ది విడదీసే గుణం. కట్ ఆఫ్, టేక్ ఆఫ్. పనిని ఇవాళ్టి నుంచి విడదీసి ఇంకో రోజుకు నెడితే పుట్ ఆఫ్. ‘ఆన్’ది అంటిపెట్టుకునే గుణం. ఒంటికి అంటితే పుట్ ఆన్, పనికి అంటితే గో ఆన్, క్యారీ ఆన్. ‘డౌన్’ తగ్గిస్తుంది, ఆపుతుంది, కాగితం మీదికి దించుతుంది. కామ్ డౌన్, బ్రేక్ డౌన్, రైట్ డౌన్.

‘అవుట్’ కాస్త అల్లరిది. స్టార్స్ కేమ్ అవుట్ అంటే చుక్కలు కనిపించాయని. లైట్ వెంట్ అవుట్ అంటే దీపం కనిపించకుండా పోయిందని. ఒకే బయట, ఒకసారి వెలుగు, ఒకసారి చీకటి. ఇదెలా? గుట్టు ‘అవుట్’లో లేదు, వచ్చిందా పోయిందా అన్నదాంట్లో ఉంది. చుక్కలు తమ చాటు నుంచి బయటికొచ్చి మన కంట పడ్డాయి. దీపం మన గదిలోంచి బయటికి పోయింది. కరెంటు పోయింది, కరెంటు వచ్చింది అని రోజూ అనే మనకు ఇందులో వింతేముంది?

ఇది నేను అల్లిన కథ కాదు. డ్వైట్ బోలింజర్ 1971లో ఈ క్రియల మీదే ఒక పుస్తకం రాశాడు. సూజన్ లిండ్నర్ 1981లో కేవలం ‘అప్’, ‘అవుట్’ కలిసిన క్రియల మీద డాక్టరేటు సిద్ధాంతగ్రంథం రాసి, అడ్డదిడ్డంగా కనిపించే ఈ అర్థాల వెనక ఒక వరస ఉందని చూపించింది. 1989లో వచ్చిన కోబిల్డ్ ఫ్రేజల్ వెర్బ్ నిఘంటువు చిన్న మాటలకు వేరే సూచిక కట్టి, ఏది ఏయే అర్థాలిస్తుందో వర్గాలుగా పెట్టింది. మన విద్యార్థి ఎప్పుడూ క్రియ పట్టుకుని వేలాడతాడు. గెట్ అప్, గెట్ ఆన్, గెట్ అవే అని గెట్ కింద పాతిక కంఠస్థం పెట్టి, తెల్లారేసరికి మరిచిపోతాడు. పట్టుకోవాల్సిన కొస రెండోది.

అన్నీ ఈ తాళంచెవికి లొంగుతాయని చెబితే అబద్ధమవుతుంది. పుట్ అప్ విత్ అంటే భరించడమని ఏ దిక్కు చూసినా తేలదు. చెయ్యి చేసుకున్నాడంటే కొట్టాడని మాత్రం ఏ వ్యాకరణం తేల్చింది? అలాంటివి మనుషుల్లాగా. కారణం అడక్కుండా పరిచయం చేసుకోవాలి.

ఇక వాడుక. ఇక్కడ మనవాళ్లు జారే మెట్టు ఒకటుంది. టర్న్ ఆఫ్ ద లైట్ అనవచ్చు, టర్న్ ద లైట్ ఆఫ్ అనవచ్చు. కానీ లైటుకు బదులు ‘ఇట్’ వస్తే టర్న్ ఇట్ ఆఫ్ అనే అనాలి, చిన్న మాట చివరికి వెళ్లి తీరాలి. ఇంగ్లిషు వాక్యం తన బరువును చివర దించుతుంది. ‘ఇట్’ ఇద్దరికీ తెలిసిన సంగతి, బరువు లేనిది, చివర నిలబడలేదు. అందుకే బరువున్న ‘ఆఫ్’ అక్కడికి చేరింది. లుక్ ఆఫ్టర్ హర్ అలా విడిపోదు, అక్కడ ‘ఆఫ్టర్’ తన వెనకున్న మనిషి చెయ్యి వదలదు. ఏది ఏ జాతో చాలాసార్లు చెవే చెబుతుంది. టర్న్ ఇట్ ఆఫ్ అన్నప్పుడు ఊనిక ‘ఆఫ్’ మీద పడుతుంది. లుక్ ఎట్ ఇట్ అన్నప్పుడు ‘ఎట్’ నోట్లోనే నలిగిపోతుంది.

తెలుగువాడి చెవి ఈ సంగతి ఎప్పుడో పట్టేసింది. ఇంగ్లిషువాడు టర్న్ ఆఫ్ అంటే మనం ‘టర్న్’ను అవతల పారేసి, ‘ఆఫ్’ను ఉంచుకుని, లైటు ఆఫ్ చెయ్యి అన్నాం. ఫ్యాన్ ఆన్ చెయ్యి, సర్వర్ డౌన్ అయింది. సారం ఉన్న ముక్కే తీసుకున్నాం. అక్కడితో ఆగక ‘ఆఫ్ చేసెయ్’ అంటాం. అంటే ఇంగ్లిషు చిన్న మాట మీద మన చిన్న మాట కూడా ఎక్కించాం. చెకప్, బ్యాకప్, పికప్, బ్రేకప్, టేకాఫ్ లాంటి నామవాచకాల్ని అలాగే ఇంట్లోకి తెచ్చుకున్నాం. శ్రీహరికోటలో రాకెట్ లేస్తే ‘లిఫ్టాఫ్’ అన్న మాట ఊళ్లో టీ కొట్టు ముందు నిలబడి టీవీ చూసేవాడికి కూడా అర్థమవుతుంది. ఒక్క జాగ్రత్త. నామవాచకమైతే ఊనిక ముందు మాట మీద, క్రియ అయితే వెనక మాట మీద.

సొంతంగా మనం చేర్చినవీ ఉన్నాయి. కోప్ విత్ అంటే చాలు, మనం కోప్ అప్ విత్ అంటాం. కీప్ అప్ విత్, పుట్ అప్ విత్ విన్న చెవి ఇక్కడా ఓ ‘అప్’ తగిలించింది. లుకింగ్ ఫార్వర్డ్ టు తరవాత ‘మీట్’ అంటాం, రావాల్సింది ‘మీటింగ్’. తేదీ ముందుకు జరపడానికి వాళ్లు బ్రింగ్ ఫార్వర్డ్ అంటారు. మనవాళ్లకు పోస్ట్‌పోన్ తప్ప పుట్ ఆఫ్ అలవాటు లేదు గనక, దాని తమ్ముడిలాగా ప్రీపోన్ అన్నారు. అది ఇప్పుడు ఆక్స్‌ఫర్డ్ నిఘంటువులోనూ ఉంది. తప్పని కోప్పడటం కంటే, ఎదుటివాడికి అది అర్థమవుతుందా అని చూసుకోవడం మేలు.

చూసుకోకపోతే ఏమవుతుందో చెబుతాను. చాలా ఏళ్ల కిందట పరాయి దేశంలో ఒక సమావేశంలో నన్ను నేను పరిచయం చేసుకుంటూ, ఫలానా సంవత్సరం విశ్వవిద్యాలయంలో పాస్డ్ అవుట్ అన్నాను, దర్జాగా. పక్కనున్న పెద్దావిడ నా చెయ్యి పట్టుకుని, ఇప్పుడు ఆరోగ్యం ఎలా ఉందని అడిగింది. ఆమెకు తెలిసిన పాస్ అవుట్ అంటే స్పృహ తప్పడం. సైనిక శిక్షణ ముగించినవాళ్ల పాసింగ్ అవుట్ పరేడ్‌లో మన అర్థం అక్కడా ఉంది గానీ, నన్ను చూసి సైనికుణ్ని అనుకునే అవకాశం లేదు.

నవ్వుకోవడానికి బాగానే ఉంది. ఆసుపత్రిలో ఇదే నవ్వులాట కాదు. మన ఊళ్ల నుంచి నర్సులు, డాక్టర్లు బ్రిటన్ లాంటి చోట్లకు వెళ్తున్నారు. వాళ్లు పుస్తకంలో చదివింది వామిటింగ్. రోగి అనేది త్రోయింగ్ అప్. చదివింది ర్యాష్. ముసలమ్మ అనేది కమ్ అవుట్ ఇన్ స్పాట్స్. మోకాలు గేవ్ వే అంటాడు ఒకడు, మందు వోర్ ఆఫ్ అయిందంటాడు ఇంకొకడు. పాస్ అవుట్ అంటే స్పృహ పోయింది, కమ్ రౌండ్ అంటే స్పృహ వచ్చింది, పాస్ అవే అంటే మనిషే పోయారు. అవుట్‌కూ అవేకూ మధ్య ఉన్నది ప్రాణం. నొప్పితో ఉన్నవాడు లాటిన్ మాట్లాడడు. ఎవరైనా ఇంటి మాటే మాట్లాడతారు.

ఇవన్నీ ఎన్ని నేర్చుకోవాలి, వేలల్లో ఉన్నాయి కదా అంటారు. ఉన్నాయి. అయితే గార్డ్‌నర్, డేవిస్ అనే ఇద్దరు 2007లో బ్రిటిష్ నేషనల్ కార్పస్ అనే 10 కోట్ల పదాల భాషా నిధిని జల్లెడ పట్టారు. అందులో ఫ్రేజల్ వెర్బులు 5 లక్షలకు పైగా చోట్ల కనిపించాయి. వాటిలో సగానికి పైగా కేవలం 20 క్రియలు, 8 చిన్న మాటలు కలిసి పుట్టించినవే. 2015లో గార్నియే, ష్మిట్ అనేవాళ్లు ఎక్కువగా వాడే 150 ఫ్రేజల్ వెర్బుల్ని తీసుకుని, నిజంగా తరచు తగిలే అర్థాలు 288 అని లెక్క తేల్చారు. అంటే ఒక్కోదానికి ఇంచుమించు రెండు. రోజుకు రెండేసి ఫ్రేజల్ వెర్బుల్ని పరిచయం చేసుకున్నా ఒక ఎండాకాలం సెలవులు, మహా అయితే ఇంకాస్త.

ఎలాగంటే, జాబితాగా కాదు. అర్థం కాదు, వాక్యం రాసుకోండి. క్రియ కింద కాదు, చిన్న మాట కింద రాసుకోండి. ‘అప్’కొక పేజీ, ‘అవుట్’కొక పేజీ. పక్కన మీ అమ్మ అనే తెలుగు వాక్యం రాయండి, తాత్పర్యం వద్దు. లుక్ ఆఫ్టర్ ఎదురుగా ‘సంరక్షించుట’ అని రాస్తే అది గైడు పుస్తకం. ‘ఊరెళ్తున్నా, చెల్లిని చూసుకో’ అని రాస్తే అది మీది. మాస్టారి దగ్గర అలాంటి పుస్తకం ఒకటుండేది. అట్ట చిరిగి, పాత క్యాలెండరు కాగితంతో వేసిన అట్టా చిరిగిపోయి.

చివరగా ఒక మాట. మాస్టారు వెళ్లిపోయిన ఏడాది, పరాయి దేశంలో పుట్టి పెరిగిన ఆయన మనవడు కర్మకాండలకు వచ్చాడు. వచ్చీరాని తెలుగు. అందరూ చనిపోయారు, చనిపోయారు అంటుంటే విని, పక్కకొచ్చి నన్నడిగాడు. ‘‘పోయారంటే వెళ్లారని నాకు తెలుసు. మరి ‘చని’ అంటే ఏమిటి?’’

‘‘చనడమన్నా వెళ్లడమే నాయనా, పాత తెలుగులో’’ అన్నాను.

వాడు కాసేపు ఆలోచించి, ‘‘అయితే రెండుసార్లు వెళ్లారా? మేం పాస్డ్ అవే అంటాం. అందులోనూ వెళ్లడమే, దూరంగా వెళ్లడం’’ అన్నాడు.

వాడు తాతగారి దగ్గర ఒక్కరోజు పాఠం వినలేదు. అయినా ఆయన బల్ల ముందు నిలబడి అడిగిన ప్రశ్నే అడిగాడు. జవాబు కూడా వాడే చెప్పాడు.